గోమేధికం చుట్టం

నవరత్నాల్లో గోమేధికం అనగానే వేలు ఉంగరం వెతుక్కుంటుంది. అది గార్నెట్ జాతి రాయి. దాని చుట్టమొకటి లేజర్ల ముందు కాపలా కాస్తోంది: టెర్బియం గాలియం గార్నెట్. 1,700 డిగ్రీలు దాటిన ఇరీడియం మూసలో కరిగిన ముద్దకు చిన్న విత్తన స్ఫటికాన్ని తాకించి, తిప్పుతూ, గంటకు కొద్ది మిల్లీమీటర్ల చొప్పున పైకి లాగుతారు. పడుగులో పోగు తెగితే చీరకు చార పడుతుందని వేటపాలెం నేతగాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇక్కడ బుడగ దూరినా అంతే.

అయస్కాంత క్షేత్రంలో ఈ రాయి కాంతి కంపన తలాన్ని తిప్పుతుంది. ఫారడే 1845లో గాజులో చూసిన వింతే ఇది. వెళ్లేటప్పుడు 45 డిగ్రీలు, అద్దాన్ని తాకి తిరిగొచ్చేటప్పుడు అదే వైపు మరో 45. మొత్తం 90 కాగానే ముందున్న ధ్రువణ ఫలకం దగ్గర ఆ తిరుగు కాంతికి దారి మూసుకుంటుంది, లేజర్ బతుకుతుంది.

ఈ రాయికి టెర్బియం కావాలి. మన తీరపు ఇసుకలో అరుదైన మృత్తికల ఖనిజం మోనజైట్ ఉంది కదా, ఇంకేం కావాలి అంటారు కొందరు. అందులో ఎక్కువ సీరియం, లాంథనం, నియోడిమియం; టెర్బియం ఆనవాలు మాత్రమే. తవ్వడం కంటే వేరుచేయడమే కష్టం. సమేరియం-కోబాల్ట్ అయస్కాంతాల కోసం ప్రభుత్వ సంస్థ ఐఆర్‌ఈఎల్ విశాఖలో పెట్టిన ప్లాంటును 2023 మేలో జాతికి అంకితం చేశారు. మంచిదే. స్ఫటిక కొలిమికీ ఓ పద్దు రాయండి.