నేరం ముద్ర తీసేస్తే చేతిలో మిగిలేదెంత?

వేశ్యావృత్తి మాట ఎత్తితే స్త్రీల సంఘాల్లో మనలో మనకే పేచీ వస్తుంది. అదీ ఒక పనే అనేవాళ్ళు కొందరు. అది హింస, ఏ స్త్రీకీ అది పని కాకూడదు అనేవాళ్ళు కొందరు. దశాబ్దాలుగా ఈ వాదన తెగలేదు, ఇప్పట్లో తెగేట్టూ లేదు. జరగాల్సిన వాదనే. కానీ అది తేలేదాకా, ఆ వృత్తిలో ఉన్న స్త్రీ సంపాదనలో ఎవరెవరు వాటా తింటున్నారో చూడకుండా కూర్చోవటం న్యాయం కాదు. ఈసారి డబ్బు లెక్కే మాట్లాడుకుందాం.

మన దేశంలో డబ్బు తీసుకుని లైంగిక సంబంధం పెట్టుకోవటం దానంతటది నేరం కాదు. 1956లో వచ్చి, 1986 సవరణతో పేరు మార్చుకున్న చట్టం, అందరూ పిటా అని పిలిచేది, ఆ పనిని వదిలేసి దాని చుట్టూ ఉన్నవన్నీ నేరం చేసింది. బేరానికి పిలవటం ఎనిమిదో సెక్షన్ కింద నేరం. మొదటిసారి దొరికితే ఆరు నెలల దాకా జైలు. అదే నేరం మగవాడు చేస్తే మూడు నెలలకు మించదు. గుడికీ, బడికీ, హాస్టల్‌కీ, ఆసుపత్రికీ 200 మీటర్ల లోపల ఈ పని చేయకూడదని ఏడో సెక్షన్. మన పట్టణాల్లో ఇవేవీ లేని వీధి ఏదో ఆ చట్టం రాసినవాళ్ళే చూపించాలి. నాలుగో సెక్షన్ మరీ అన్యాయం. ఆమె సంపాదన మీద బతికే 18 ఏళ్ళు దాటిన వాళ్ళెవరైనా నేరస్తులే. ఆమెతో కలిసి ఉంటే చాలు, ఆ డబ్బు తింటున్నట్టే లెక్క. కాదని వాళ్ళే రుజువు చేసుకోవాలి. బ్రోకర్ల కోసమని పెట్టిన ఈ సెక్షన్‌లోకి ముసలి తల్లీ వస్తుంది, కాలేజీలో చదివే కొడుకూ వస్తాడు.

ఈ సెక్షన్లు వీధిలోకి వచ్చేసరికి ధరలుగా మారతాయి. కేసు పెట్టకుండా ఉండటానికి మామూలు. పెడితే జరిమానా, ప్లీడరు ఫీజు, జామీను తెచ్చేవాడికి కమీషన్. ఆ అప్పు తీర్చటానికి మర్నాడు అదే రోడ్డు మీద మరో ఇద్దరు కస్టమర్లు. ఇల్లు అద్దెకిచ్చినవాడు తన మీద కూడా కేసు పడుతుందన్న భయాన్ని అద్దెలో కలిపి వసూలు చేస్తాడు, రసీదు మాత్రం ఇవ్వడు. రసీదు లేకపోతే అడ్రసుకి రుజువు లేదు. రుజువు లేకపోతే బ్యాంకు లేదు, రేషన్ కార్డు లేదు. ఇక మిగిలింది రోజువారీ వడ్డీ వ్యాపారి. పోలీసు వ్యాను వచ్చేలోగా బేరం తెంచుకోవాలి గనక, వచ్చినవాడు తాగి ఉన్నాడా, వెనక ఎంతమంది ఉన్నారు అని చూసుకునే వ్యవధి ఉండదు. కండోమ్ లేకుండా కుదరదని గట్టిగా చెప్పే వ్యవధీ ఉండదు. డబ్బు ఎగ్గొట్టి పోయినవాడి మీద ఫిర్యాదు చేయాలంటే మామూలు తీసుకునే స్టేషన్‌కే పోవాలి.

రక్షణ పేరుతో జరిగేది ఇంకొకటి. పదిహేడో సెక్షన్ కింద 'రక్షించిన' స్త్రీని మేజిస్ట్రేటు ఏడాది నుంచి మూడేళ్ళ దాకా హోమ్‌లో ఉంచవచ్చు. ఆమె మీద ఏ నేరమూ రుజువు కానక్కరలేదు. ఆ ఏడాది ఆమె పిల్లలకు ఎవరు పెడతారు? 2020లో బొంబాయి హైకోర్టు ఇలా హోమ్‌లో పెట్టిన ముగ్గురు యువతులను విడుదల చేస్తూ, వ్యభిచారం చట్టంలో నేరంగా లేదనీ, వయసొచ్చిన స్త్రీని ఆమె ఇష్టానికి విరుద్ధంగా నిర్బంధించటానికి వీల్లేదనీ చెప్పింది. హైకోర్టు దాకా పోలేని వాళ్ళ సంగతి వేరే చెప్పాలా?

నేరం ముద్ర తీసేస్తే రేట్లు పెరుగుతాయని మేం చెప్పబోవటం లేదు. భయం తగ్గితే బేరానికి వచ్చేవాళ్ళు పెరిగి కొన్నిచోట్ల రేటు తగ్గనూ వచ్చు. పేదరికం పోదు, కులం పోదు. మారేది చేతిలో మిగిలే భాగం, కాదనగలిగే శక్తి.

న్యూజిలాండ్ 2003లో ఈ పని చేసింది. పార్లమెంటులో 60 మంది అనుకూలం, 59 మంది వ్యతిరేకం, ఒకరు తటస్థం. అంత గట్టి పేచీ మధ్య గట్టెక్కిన చట్టం అది. నలుగురు స్త్రీలు దాకా కలిసి ఒక ఇంట్లో యజమాని లేకుండా సొంతంగా పని చేసుకోవచ్చు, అందుకు లైసెన్సు కూడా అక్కర్లేదు. యజమాని వాటా ఆ మేరకు ఆమె చేతిలోనే ఉంటుంది. డబ్బు తీసుకున్నాక కూడా ఆమె కాదనవచ్చు. ఈ పని మానేస్తే, మళ్ళీ అదే చేసుకోవచ్చు గదా అని నిరుద్యోగ భృతి ఆపటానికి లేదు. 2014లో వెల్లింగ్టన్‌లో ఒక స్త్రీ తను పనిచేసే బ్రోతల్ నడిపేవాడి మీద లైంగిక వేధింపుల కేసు వేసి 25,000 డాలర్ల పరిహారం తీసుకుంది. మన దగ్గర ఆమె కేసు వేయబోతే మొదట ఆమె మీదే కేసు పడుతుంది. 2008లో ప్రభుత్వ సమీక్షా సంఘం ఆ వృత్తిలోకి వచ్చేవాళ్ళు పెరగలేదని తేల్చింది. హింస జరిగినా పోలీసుల దగ్గరకు పోవటానికి చాలామంది ఇంకా వెనకాడుతున్నారనీ అదే సంఘం రాసింది. ఆ చట్టంలో ఒక పెద్ద లోపం ఉంది. తాత్కాలిక వీసా మీద వచ్చిన స్త్రీలకు ఈ హక్కులు లేవు, పట్టుబడితే దేశం నుంచి పంపించేస్తారు. ఎవరికి అన్నిటికన్నా అవసరమో వాళ్ళనే బయట ఉంచారు.

వలస పోయిన స్త్రీల కష్టం తెలుగువాళ్ళకు కొత్త కాదు. గోవాలోని బైనా బీచ్‌లో 2004 జూన్‌లో వానాకాలం ముంగిట బుల్‌డోజర్లతో ఇళ్ళు కూల్చినప్పుడు వీధిన పడ్డవాళ్ళలో మన రాష్ట్రం నుంచీ కర్ణాటక నుంచీ పోయినవాళ్ళు ఎందరో. ఇల్లు పోతే ఓటు, రేషన్, బడి అన్నీ పోతాయి.

ఇక్కడ రెండు మాటలు కలిపేయకూడదు. నేరం ముద్ర తీసేయటం వేరు, లైసెన్సులు ఇవ్వటం వేరు. జర్మనీ 2017 నుంచి పేరు నమోదు తప్పనిసరి చేస్తే, బయటపడతామన్న భయంతో నమోదు చేసుకోని వాళ్ళు ఎందరో ఉన్నారు. మన దగ్గర అలాంటి రిజిస్టరు పెడితే అది ఏ స్టేషన్ రైటరు బల్ల మీద ఉంటుందో ఊహించటం కష్టం కాదు. కొనేవాణ్ణి మాత్రమే శిక్షించే స్వీడన్ పద్ధతి (1999) మనలో చాలామందికి నచ్చుతుంది. కానీ కస్టమరు భయపడి చీకటి సందుకు రమ్మంటే ఆమే అక్కడికి పోవాలి.

మరి కంపెనీ నడిపేవాళ్ళ మాటేమిటి, పిల్లల్ని అమ్మేవాళ్ళ మాటేమిటి అని మీరు అడుగుతారు. బలవంతంగా, మోసంతో మనుషుల్ని తరలించటం భారతీయ న్యాయ సంహిత 143, 144 సెక్షన్ల కింద నేరమే, అలాగే ఉండాలి. మైనర్ల విషయంలో రెండో మాట లేదు. దళిత బాలికల్ని జోగినులుగా మార్చటాన్ని 1988లో నిషేధించిన చట్టాన్ని సరిగ్గా అమలు చేయించే పోరాటం మనం ఆపకూడదు. ఆ పోరాటానికి స్త్రీలను శిక్షించే ఏడో, ఎనిమిదో సెక్షన్లు ఏ విధంగానూ సాయపడలేదు.

కలకత్తా సోనాగచ్చిలో ఈ స్త్రీలు 1995లో ఉషా అనే సహకార సంఘం పెట్టుకున్నారు. సత్ప్రవర్తన ఉన్నవాళ్ళకే సభ్యత్వం అన్న నిబంధన అడ్డొస్తే దానితోనూ పోట్లాడారు. వడ్డీ వ్యాపారి నుంచి బయటపడే దారి వాళ్ళకు అక్కడ దొరికింది. 2020లో కోవిడ్ కాలంలో గుర్తింపు కార్డులు అడగకుండా రేషన్ ఇమ్మని సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. 2022 మే 19న అదే కోర్టు బుద్ధదేవ్ కర్మాస్కర్ కేసులో, వీళ్ళకూ గౌరవంగా బతికే హక్కు ఉందనీ, కండోమ్‌ను సాక్ష్యంగా చూపకూడదనీ, దాడుల్లో పట్టుబడినవాళ్ళ ఫొటోలు పత్రికల్లో వేయకూడదనీ చెప్పింది. కమిటీ చేసిన కొన్ని సిఫార్సులకు మాత్రం కేంద్రం అభ్యంతరం చెప్పింది. 'వ్యభిచారం చట్టబద్ధం' అని రాసిన పత్రికలు తీర్పు చదివినట్టు లేదు, పిటా చట్టం ఉన్నచోటే ఉంది. 'గుట్టు రట్టు' శీర్షికలూ ఆగలేదు.

హోమ్‌లలో ఇష్టం లేకుండా ఉంచిన వయసొచ్చిన స్త్రీలెంతమందో సర్వే చేసి, వాళ్ళను విడుదల చేయమని కూడా ఆ ఉత్తర్వులో ఉంది. మీ జిల్లాలో ఆ సర్వే జరిగిందా? గత మూడేళ్ళలో పెట్టిన పిటా కేసుల్లో స్త్రీల మీద ఎన్ని, ఏ సెక్షన్ కింద? సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టి వచ్చిన జవాబులు మాకు పంపండి, పేర్లు కొట్టేసి. వచ్చే సంచికలో జిల్లాల వారీగా వేస్తాం.