ఇళ్ళ నడుమ వాహనాల జోరు: దిబ్బ కాదు, ఎత్తు దారి వేయాలి

మదనపల్లె, పుంగనూరు, కుప్పం పట్టణాలలో ఇళ్ళున్న వీధులు వాహనాలకు అడ్డదారులవుతున్నాయి. మెయిన్ రోడ్డులో రద్దీ పెరిగేసరికి ఆటోలు, మోటారు సైకిళ్ళు, చిన్న వ్యాన్లు దగ్గరదారి అంటూ ఇళ్ళ మధ్యకు మళ్ళుతున్నాయి. బడి వదలగానే ఒక్క ఉదుటున రోడ్డెక్కే పిల్లలు, చేతికర్రతో దాటే వృద్ధులు కంటపడేసరికి బ్రేకు వేసే వ్యవధి ఉండదు. మదనపల్లె మార్కెట్టుకు టమోటా తెచ్చే రైతులు, ఆసుపత్రి పనిమీద వచ్చే పల్లెవాసులు కూడా ఈ వీధులు నడిచి దాటవలసినవారే.

ఎక్కడైనా ప్రమాదం జరిగితే మరునాడు ఏమవుతుందో తెలిసిందే. వీధివాసులు కంకర, సిమెంటు తెచ్చి రోడ్డుకు అడ్డంగా దిబ్బ పోస్తారు. వారి ఆవేదన న్యాయమైనదే. అయితే ఆ దిబ్బకు కొలతా ఉండదు, రంగూ ఉండదు. రాత్రివేళ కొత్తవారికి కనపడదు. బండి వెనుక కూర్చున్న గర్భిణి ఎగిరిపడుతుంది. 108 వాహనంలో ఎముక విరిగిన రోగి అవస్థ చెప్పనలవి కాదు. వానొస్తే నీరు పక్కింట్లోకి మళ్ళుతుంది. ఇక కుర్రకారు దిబ్బ చివరనున్న సందులోంచి, సరిగ్గా నడిచేవారి పక్కనుంచే, వేగం తగ్గించకుండా దూసుకుపోతారు.

కొలతలు లేక కాదు. చిన్న రోడ్లపై స్పీడ్ బ్రేకర్లు ఎలా ఉండాలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లోనే చెప్పింది. ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు, గుండ్రని వంపు, నలుపు తెలుపు చారలు, 40 మీటర్ల ముందే హెచ్చరిక బోర్డు. అలా కడితే వాహనం గంటకు 25 కిలోమీటర్ల వేగంతో కుదుపు లేకుండా దాటుతుంది. 2018లో ఈ సూచనలను సవరించారు. మన వీధుల్లో దిబ్బలు పోసేవారిలో వీటిని చూసినవారెందరు?

వీటికంటే మేలైనది ఎత్తు దారి. రోడ్డుకు అడ్డంగా వేసిన వెడల్పాటి అరుగు అనుకుంటే చాలు. రెండువైపులా ఏటవాలు, పైన చదును, ఆ చదునుపై జీబ్రా చారలు. మనిషి కాలిబాట నుంచి దిగకుండానే అవతలికి వెళతాడు, ఎక్కిదిగే పని వాహనానిది. వేగం రెట్టింపైతే బ్రేకు వేశాక బండి ఆగే దూరం నాలుగింతలవుతుంది. అందుకే నడిచేవారు, వాహనాలు కలిసి తిరిగే చోట 30 కిలోమీటర్లకు మించరాదని 2020లో స్టాక్‌హోంలో జరిగిన ప్రపంచ సదస్సు కోరింది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించగా, వారిలో 32 వేలకు పైగా పాదచారులేనని కేంద్ర ప్రభుత్వ నివేదిక తెలిపింది.

ఇక్కడొక చిక్కుంది. ఈ మూడు ఊళ్ళనూ కలిపేది 42వ జాతీయ రహదారి. కదిరి వైపు నుంచి మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పం మీదుగా తమిళనాడులోని కృష్ణగిరికి పోతుంది. జాతీయ రహదారులపై స్పీడ్ బ్రేకర్లు ఉండరాదన్నది కేంద్ర రోడ్డు రవాణా శాఖ విధానం. కనుక దానిపై దిబ్బ కావాలని పురపాలక సంఘాన్ని అడిగితే ప్రయోజనం లేదు. వార్డు వీధుల సంగతి వేరు, అవి పురపాలక సంఘం చేతిలోనివే. 2021లో తొలిసారి పురపాలక ఎన్నికలు జరిగిన కుప్పంలో కొత్త వీధులు వేసేటప్పుడే ఈ ఏర్పాటు చేయడం సులువు. పాత వీధులు ఇరుకైన మదనపల్లెలో కొంత కష్టం. అక్కడ ముందుగా బడులు, ఆసుపత్రుల దగ్గర వేయవచ్చు.

ఎత్తు దారి వేసేచోట కాలువ మూసుకుపోకుండా అడుగున గొట్టం వేయాలి. ఇది మరచిపోతే మొదటి వానకే జనం దాన్ని పగలగొట్టించడం ఖాయం. పక్కన వీధి దీపం తప్పనిసరి.

పల్లెల్లోనూ బడి ముందు ఇదే ఇబ్బంది. పంచాయతీ సిమెంటు రోడ్డుకు అంచనా వేసే సమయంలోనే ఎత్తు దారిని అందులో చేర్చమని సర్పంచికి, ఇంజనీరుకు అర్జీ ఇస్తే పని ఒకేసారి పూర్తవుతుంది. రోడ్డు వేశాక అడిగితే మళ్ళీ తవ్వాలి, మళ్ళీ బిల్లు పెట్టాలి.