శామీర్‌పేటలో కాలేజీలున్నాయి, మన సీట్లెక్కడ?

తూంకుంట దాటి రాజీవ్ రహదారి మీద వెళ్తుంటే శామీర్‌పేట పరిసరాల్లో దేశమంతా పేరున్న సంస్థలు వరసగా కనిపిస్తాయి. నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం, ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ ఎంటర్‌ప్రైజ్, కాస్త అవతల జవహర్‌నగర్ చిరునామాతో బిట్స్ పిలానీ హైదరాబాద్ క్యాంపస్. మేడ్చల్ వైపు కండ్లకోయ, మైసమ్మగూడ నిండా ప్రైవేటు కాలేజీలే. బహదూర్‌పల్లిలో మహీంద్రా యూనివర్సిటీ ఉంది. నగరం చెత్తంతా వచ్చి పడే డంపింగ్ యార్డు కూడా ఆ జవహర్‌నగర్‌లోనే ఉంది. దాని చుట్టూ బతికే కుటుంబాల పిల్లల్లో ఎవరైనా ఎకనామిక్స్ చదవాలనుకుంటే, ఇంటి పక్కనే ఉన్న ఈ గేట్లలో ఏది తెరుచుకుంటుంది?

కాలేజీ ఎంపిక గురించి పత్రికలు రాసేటప్పుడు ర్యాంకులు, ప్లేస్‌మెంట్లు చెబుతాయి. మన విద్యార్థులు వాటికంటే ముందు చూడాల్సింది ఆ సంస్థ ఏ చట్టం కింద నడుస్తోంది అన్నది.

విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉన్న ప్రైవేటు కాలేజీలో ఎంబీఏ సీట్లలో 70 శాతం కన్వీనర్ కోటా. ఐసెట్ కౌన్సెలింగ్ ద్వారా నిండే ఆ సీట్లకు రిజర్వేషన్ ఉంటుంది, ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తిస్తుంది. డిగ్రీలో దోస్త్ ద్వారా చేరే బీఏ, బీకాం, బీబీఏ సీట్లకూ అంతే. మేనేజ్‌మెంట్ కోటాలో చేరితే మాత్రం ఫీజు మొత్తం ఇంటి నుంచే కట్టాలి.

ప్రైవేటు యూనివర్సిటీ సంగతి వేరు. తెలంగాణ 2018లో చేసిన ప్రైవేటు విశ్వవిద్యాలయాల చట్టం రాష్ట్ర విద్యార్థులకు 25 శాతం సీట్లు ఉంచమంది. ఎస్సీ, ఎస్టీ, బీసీలకు ఇన్ని సీట్లు ఇవ్వాలని మాత్రం అనలేదు. 2020లో ఈ చట్టం కింద అనుమతి పొందిన తొలి అయిదింటిలో మహీంద్రా, మల్లారెడ్డి, అనురాగ్ ఈ మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోనే ఉన్నాయి. అనుబంధ కాలేజీ యూనివర్సిటీగా మారితే, అదే భవనంలో, అదే తరగతి గదిలో ఉన్న కన్వీనర్ సీటు మాయమవుతుంది. బోర్డు మీద ఒక్క మాట మారితే రాజ్యాంగ హక్కు గేటు బయట నిలబడుతుంది.

బిట్స్ డీమ్డ్ యూనివర్సిటీ. అక్కడ ఎమ్మెస్సీ ఎకనామిక్స్ ఉంది కానీ కుల రిజర్వేషన్ లేదు. 2025 ఆగస్టులో పార్లమెంటు విద్యా స్థాయీ సంఘం ఇచ్చిన నివేదిక ప్రకారం, 2024-25లో బిట్స్ పిలానీలో 5,137 మంది విద్యార్థులుంటే ఎస్సీలు 29 మంది, ఎస్టీలు నలుగురు. ఇంకో ఆటంకం కూడా ఉంది. బిట్‌శాట్ రాయాలంటే ఇంటర్‌లో సైన్స్ చదివి ఉండాలి. ఎకనామిక్స్ మీద ఇష్టంతో సీఈసీ తీసుకున్న అమ్మాయి ఆ ఎకనామిక్స్ సీటుకు దరఖాస్తే పెట్టలేదు. ఢిల్లీ యూనివర్సిటీ బీఏ ఆనర్స్ ఎకనామిక్స్‌కూ గణితం తప్పనిసరి. అందుకే ఎకనామిక్స్ వైపు వెళ్లాలనుకునే పిల్లలకు పదో తరగతి అయిన వెంటనే సీఈసీ కాదు, ఎంఈసీ తీసుకోమని గురుకులాల టీచర్లు, కార్యకర్తలు చెప్పాలి.

పీజీడీఎం గురించి కూడా తెలుసుకోవాలి. అది విశ్వవిద్యాలయం ఇచ్చే డిగ్రీ కాదు, డిప్లొమా. ఐసెట్ కౌన్సెలింగ్‌లో ఆ సీట్లు ఉండవు. ఎవరైనా పీజీడీఎంలో చేరే ముందు మూడు ప్రశ్నలకు కాగితం మీద జవాబు తీసుకోవాలి: ఏఐసీటీఈ అనుమతి ఉందా, ఎంబీఏతో సమానంగా గుర్తింపు ఉందా, స్కాలర్‌షిప్ వర్తిస్తుందా. నల్సార్ రాష్ట్ర చట్టంతో 1998లో ఏర్పడిన సంస్థ. అక్కడ ఇప్పుడు మేనేజ్‌మెంట్ కోర్సులూ ఉన్నాయి. వాటిలో ఎస్సీ, ఎస్టీ సీట్లెన్ని, ఫీజు ఎంత అన్నది ప్రవేశ ప్రకటనలో చూసి అడగాలి.

డబ్బు సంగతికొస్తే, ఎస్సీ విద్యార్థులకు కేంద్రం ఇచ్చే టాప్ క్లాస్ స్కాలర్‌షిప్‌కు కుటుంబ ఆదాయ పరిమితి ఏడాదికి 8 లక్షలు. ప్రైవేటు సంస్థల్లో ఏడాదికి 2 లక్షల వరకు ఫీజు ఇస్తుంది. అయితే జాబితాలో ఉన్న సంస్థలకే, పరిమిత సంఖ్యలోనే. ఇక రాష్ట్ర రీయింబర్స్‌మెంట్ బకాయిల కోసం 2025 నవంబర్ 3 నుంచి ప్రైవేటు కాలేజీలు బంద్ పాటించాయి. ప్రభుత్వం బాకీ పడితే సర్టిఫికెట్లు ఆగేది మన పిల్లలవే. ఒరిజినల్ సర్టిఫికెట్లు అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. విద్యార్థి సంఘాలు ఆ కాగితాన్ని ప్రతి కాలేజీ నోటీసు బోర్డు మీద అంటించాలి.

మరి ఎక్కడ చదవాలి? మా మాట స్పష్టం. ముందు ప్రభుత్వ సంస్థలు చూడండి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో అయిదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎంఏ ఎకనామిక్స్ ఉంది. సీయూఈటీ రాయాలి. ఎస్సీలకు 15, ఎస్టీలకు 7.5 శాతం సీట్లు చట్టబద్ధం. నిజాం కాలేజీ, ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ, గురుకుల మహిళా డిగ్రీ కాలేజీలు ఉన్నాయి. ఐఐఎంలలో ఇంటర్ తర్వాత చేరే అయిదేళ్ల కోర్సుకూ రిజర్వేషన్ ఉంది. శామీర్‌పేట నుంచి గచ్చిబౌలి దూరమే. కానీ మనకు సీటు ఉన్న చోటే మనకు దగ్గర.

అలాగని ప్రైవేటు గేట్లను వదిలేద్దామా? వద్దు. 2005 నాటి 93వ రాజ్యాంగ సవరణ 15(5) అధికరణాన్ని తెచ్చింది. మైనారిటీ సంస్థలు మినహా ప్రైవేటు విద్యాసంస్థల్లోనూ రిజర్వేషన్ కోసం చట్టం చేయవచ్చని అది చెబుతుంది. 2014లో ప్రమతి కేసులో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. అడ్డు కోర్టు కాదు, చట్టం చేయని ప్రభుత్వాలు. స్థాయీ సంఘం కూడా ఆ చట్టమే చేయమంది.

తెలంగాణలో 2025 ఏప్రిల్ 14 నుంచి ఎస్సీ వర్గీకరణ అమల్లోకి వచ్చింది. 15 శాతాన్ని 1, 9, 5గా పంచారు. ఆ పంపకం న్యాయం మీద మనలో మనం ఎంతో మాట్లాడుకున్నాం. కానీ రిజర్వేషనే లేని గోడల లోపల మాదిగకూ సున్నే, మాలకూ సున్నే, సంచార ఉపకులాలకూ సున్నే. కొలంబియాలో, లండన్‌లో అర్థశాస్త్రం చదివిన అంబేడ్కర్‌ను 1913లో అమెరికా పంపింది బరోడా సంస్థానం స్కాలర్‌షిప్. అది ఒక రాజు దయ. మనం అడుగుతున్నది చట్టం. 2018 చట్టాన్ని సవరించమని మేడ్చల్ జిల్లా విద్యార్థులే మొదట అడగాలి. ఆ గేట్లు ఉన్నది వాళ్ల ఊళ్లలోనే.