దారి మీకు తెలుసా, మీ ఫోనుకు తెలుసా?

మొజంజాహీ మార్కెట్ కూడలిలో నిలబడి నాంపల్లి స్టేషనుకు ఎటు వెళ్లాలని అడిగి చూడండి. ఈనాటి యువకులు చాలామంది ముందు జేబులో చేయి పెడతారు. 1935లో రాతితో కట్టిన ఆ మార్కెట్ గడియారపు గోపురం కళ్లెదుటే ఉంటుంది. దాన్ని ఆనవాలుగా పెట్టుకొని అబిడ్స్ ఎటు, బేగంబజారు ఎటు, ఉస్మానియా ఆసుపత్రి ఎటు అని మనసులో పటం గీసుకోవడం పాతతరానికి అలవాటు. ఆ అలవాటు పోవడాన్ని వైద్యపరంగానూ ఆలోచించాలని నా అభిప్రాయం.

మన మెదడులో సముద్రగుర్రం ఆకారంలో హిప్పోకాంపస్ అనే భాగం ఉంది. జ్ఞాపకాలను నిలపడం, దారులను గుర్తించడం దాని పనులు. మెదడులోని ఈ దిక్సూచి వ్యవస్థను కనుగొన్నందుకే 2014లో ముగ్గురు శాస్త్రజ్ఞులకు నోబెల్ బహుమతి లభించింది. వేలాది వీధులను కంఠస్థం చేసే లండన్ టాక్సీ డ్రైవర్లలో ఈ భాగపు వెనుకవైపు పెద్దదిగా ఉన్నట్లు 2000లో తేలింది. జీపీఎస్ ఎక్కువగా వాడేవారిలో దారులను గుర్తుంచుకొనే శక్తి తక్కువగా ఉన్నదని 2020లో కెనడా పరిశోధకులు ప్రకటించారు. అయితే వారు పరీక్షించినది కొద్దిమందినే. కనుక జీపీఎస్ వల్ల మతిమరుపు వ్యాధి వస్తుందని ఎవరైనా వాట్సాప్‌లో పంపితే నమ్మకండి.

తక్షణ ప్రమాదం వేరే ఉంది. 2023 అక్టోబరులో కేరళలో వానరాత్రి కారు పెరియార్ నదిలో పడి ఇద్దరు యువ వైద్యులు మరణించారు. మ్యాప్ చూస్తూ వెళ్లారని వార్తలు వచ్చాయి. 2024 మే నెలలో కొట్టాయం సమీపంలో మన హైదరాబాదు వారు నలుగురు అలాగే వాగులోకి కారు నడిపారు, అదృష్టవశాత్తు బయటపడ్డారు. మూసీ పొంగినప్పుడు చాదర్‌ఘాట్ లోలెవెల్ వంతెన మీదికి నీరొస్తుందని ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. ఫోనుకు ఆ సంగతి ఆలస్యంగా తెలియవచ్చు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మరొకటి. ఏళ్ల తరబడి తిరిగిన దారిలో తికమకపడటం అల్జీమర్స్ తొలి లక్షణాలలో ఒకటి. ఫోను చెప్పినట్లు నడిచేవారిలో ఈ లక్షణం ఇంటివారి కంట పడదు. మీ ఇంట్లో పెద్దలుంటే ఒకరోజు ఫోను లేకుండా వారితో బయలుదేరండి. అబిడ్స్ పెద్ద తపాలా కార్యాలయం నుండి మార్కెట్ వరకైనా సరే, దారి వారినే చూపమనండి. తెలిసిన మలుపుల వద్ద పదేపదే తడబడితే వయసు మీద నెట్టేయకండి. నరాల వైద్యునికి చూపించండి. బి12 లోపం, థైరాయిడ్ వంటి చికిత్సకు లొంగే కారణాలు కూడా ఉండవచ్చు.