సరస్సు అందరిది

సెలవులలో పిల్లాపాపలతో సరస్సు తీరాన నాలుగు దినాలు గడపడం మనసుకు హాయినిస్తుంది. ఆ నీటిమీద విమానం వచ్చి వాలితే పిల్లల ఆనందానికి అవధులుండవు. చక్రాలకు మారుగా పడవల వంటి అమరికతో నీటిపై తేలే ఇట్టి విమానాన్ని 1910 మార్చి 28న ఫ్రాన్సు దేశీయుడైన హెన్రీ ఫాబ్ర్ తొలిసారిగా ఎగురవేశాడు.

అమెరికాలోని సియాటిల్ నగరంలో యూనియన్ సరస్సు ఒడ్డున ఎన్నో కుటుంబాలు ఈ దృశ్యాన్ని తిలకిస్తాయి. అక్కడ స్థిరపడిన తెలుగువారికీ అది పరిచితమే. అయితే విమానంకన్న గమనింపదగినవి ఆ నీటిపై వరుసగా తేలే దీపాలు. విమానం రాకపోకల వేళ అవి మిణుకుమంటాయి. పడవలవారు పక్కకు తొలగుతారు. ఒకే నీటిని ఉభయులూ పంచుకొంటారు.

మన దేశంలో అనుభవం వేరు. 2013లో కేరళలో తలపెట్టిన నీటి విమాన సేవలను మత్స్యకారులు ప్రతిఘటించారు. తమ జీవనాధారం దెబ్బతింటుందని వారి భయం. ఆ ప్రయత్నం నిలిచిపోయింది. 2024 నవంబరు 9న విజయవాడ పున్నమి ఘాట్ నుండి శ్రీశైలం పాతాళగంగకు నీటి విమానం ప్రయోగాత్మకంగా ఎగిరింది. కొండదారిలో గంటల తరబడి సాగే ప్రయాణం దీనివల్ల తగ్గుతుంది. పర్యాటకం పెరిగితే కొందరికి ఉపాధీ లభిస్తుంది. ఈ మేలును కాదనలేము.

కాని కృష్ణమ్మను నమ్ముకొన్న జాలరిని ముందుగా సంప్రదించడం ధర్మం. విమానం వాలే చోటు, వేళ అతనితో కలిసి నిర్ణయించాలి. విహారికి సరస్సు ఒకనాటి వేడుక. జాలరికి అది అనుదినం కూడు.