మెడకు కొలబద్ద

నయాపూలుకు అటు ఉస్మానియా ఆసుపత్రి, ఇటు హైకోర్టు. కోర్టు భవనం తలుపులు తెరిచింది 1920లో. అప్పటి గుమాస్తాల కలం పోయి టైపు మిషను వచ్చింది, అదీ పోయి కంప్యూటరు వచ్చింది. మెడ వంచడం మాత్రం తప్పలేదు.

ఆ చుట్టుపక్కల ఒక ఆఫీసులో పనిచేసే గుమాస్తాగారు మా వీధిలో ఉన్నారు. సాయంత్రం వంతెన దాటి ఇల్లు చేరేసరికి ఆయన మెడ కొయ్యబారి ఉంటుంది. “వాపు లేదు, గాయం లేదు, ఇదంతా పని తప్పించుకునే ఎత్తు” అంటారట పైవాళ్లు.

“కండ ఎంత పనిచేస్తోందో కొలిచే మిషను ఉందటగా! దాంతో నిజం తేలుతుందా?” అని నన్నడిగారు.

తేలేది కొంతే. అదీ పద్ధతిగా కొలిస్తేనే.

కండ బిగిసినప్పుడు అందులో స్వల్పంగా విద్యుత్తు పుడుతుంది. చర్మం మీద రెండు బిళ్లలు అతికించి దాన్ని పట్టుకోవడమే ఎలక్ట్రోమయోగ్రఫీ. మెడ వెనుక పొడుచుకువచ్చే ఎముకకూ భుజం కొసకూ నడిమధ్య, 20 మిల్లీమీటర్ల ఎడంతో బిళ్లలు పెట్టాలి. ముందు చర్మాన్ని స్పిరిటుతో తుడవాలి. మరునాడు బిళ్ల కాస్త జరిగినా అంకె మారిపోతుంది.

అసలు చిక్కు మరొకటి. చర్మం, కొవ్వు అందరికీ ఒక్కటి కావు. కనుక వచ్చిన అంకెను ఆ మనిషి పూర్తి బలంతో పోల్చి చూస్తారు. టైపు చేసేటప్పుడు 30 మైక్రోవోల్టులు, పూర్తి బలం పెడితే 300 అనుకోండి. అంటే పదో వంతు. నొప్పికి భయపడి సగం బలమే పెట్టాడు, 150 వచ్చింది. అదే పని ఇప్పుడు అయిదో వంతయింది! పత్తర్‌గట్టి బట్టల కొట్టులో గజంబద్ద పొట్టిదైతే గుడ్డ ఎక్కువ గజాలు తూగినట్టే.

అందుకే నొప్పి ఉన్నవారిని బలమంతా పెట్టమనకుండా, చేతులు భుజాల ఎత్తుకు చాచి కొన్ని క్షణాలు నిలపమని, దానితో పోల్చడం మేలు. మూడుసార్లు కొలిచి సగటు కట్టాలి. మరోరోజు మళ్లీ కొలిచినా అంకె దగ్గరగా వస్తేనే నమ్మాలి.

ఇంత చేసినా అది కండ పనికి కొలతే గాని నొప్పికి కాదు. అంకె తక్కువైనంత మాత్రాన నొప్పి అబద్ధం కాబోదు. చేయి తిమ్మిరెక్కినా, పట్టు తప్పినా మిషను కోసం ఆగకుండా డాక్టరు దగ్గరకు వెళ్లాలి.

“మరి మా పైవాళ్లకేం చెప్పను?” అన్నారు గుమాస్తాగారు.

“మిషను సాక్షి మాత్రమే, జడ్జీ కాదని చెప్పండి. హైకోర్టు నీడన పనిచేసేవారికి ఆ తేడా నేను చెప్పాలా!”