వంతెన యెవ్వరి కొరకు?

నది రెండు దరులను విడదీయును. వంతెన వానిని గలుపును. ఆ కలయిక మోటారు గలవానికే దక్కి కాలినడకవానికి దక్కనిచో ఆ వంతెన పని సగమే ముగిసినదని మా యభిప్రాయము. రాజమహేంద్రవరమునకును కొవ్వూరునకును నడుమ గోదావరిపై నిలిచిన రెండు పాత వంతెనల సంగతి తలచినపుడెల్ల మాకీ మాటయే స్ఫురించుచున్నది.

అందు మొదటిది హేవలాకు వంతెన. 1897లో పని మొదలై 1900లో రైళ్లకు తెరువబడినది. 56 ఖానాలతో నది నడ్డముగ దాటి, దాదాపొక శతాబ్దము చెన్నపురి కలకత్తాల నడుమ బండ్లను మోసి, 1997లో విశ్రాంతి నొందినది. రెండవది 1974లో తెరువబడిన రోడ్డు రైలు వంతెన. దీనిపై రోడ్డును క్రింద రైలును నడచుచున్నవి. రోడ్డు పొడవు నాలుగు కిలోమీటర్లకు పైబడినది. అర్ధశతాబ్ది గడచినది, వయోభారము దీనిని గూడ తాకినది.

2023 సెప్టెంబరు నెలాఖరునుండి మరమ్మతులకై సుమారొక నెల యీ రోడ్డును మూసివేసిరి. మూయుట తప్పు కాదు. ఖానాల యతుకులు సడలినచో చక్రముల దెబ్బ పెరుగును. వాననీరు లోనికి దిగి ఉక్కును తినివేయును. జాగుచేసిన కొలది వ్యయమును అపాయమును హెచ్చును. కాని బండ్లను ధవళేశ్వరము బ్యారేజి మీదుగను నాలుగవ వంతెన మీదుగను మళ్లించినపుడు సైకిలువాని గతి యేమి? మోటారునకు చుట్టుదారి కొన్ని నిమిషముల జాగు. త్రొక్కువానికి అది యొక పూట కష్టము.

2025 జూన్‌లో అఖండ గోదావరి పథకమునకు శంకుస్థాపన జరిగినది. హేవలాకు వంతెనను విహారస్థలముగ దీర్చుట అందులో నొక భాగము. సంతోషమే. కాని దీపతోరణములును ఫలహారపు అంగళ్లును మాత్రమే వంతెనకు పునర్జీవనమగునా? విహారి యొకనాడు వచ్చి పోవును. కూలివాడును విద్యార్థియు ప్రతిదినము నదిని దాటవలసినవారు. చూచువానికి చోటిచ్చి దాటువానికి చోటీయకున్న నది వంతెన యనిపించుకొనదు, వేడుకశాల యనిపించుకొనును.

నడచువారు బహుకొద్దిమంది గదా యని కొందరందురు. దారి లేనిచోట నడచువాడెట్లు కనబడును? బస్సుల ప్రక్కను కారుల ప్రక్కను ప్రాణములరచేత బెట్టుకొని సైకిలు త్రొక్కుటకు జంకి మానుకొన్నవాని నెవ్వరు లెక్కించిరి? ముందు దారి నిచ్చి పిమ్మట లెక్కింపుడని మా మనవి. నూటపాతికేండ్ల ఇనుము జనసమ్మర్దమును మోయగలదా యని మరికొంద రడుగుదురు. ఇది న్యాయమైన ప్రశ్న. ఊహతో గాక పరీక్షతో దీనికి జవాబు చెప్పవలెను. స్తంభముల పునాదులను, ఉక్కు దూలములను, తుప్పు తిన్న భాగములను నిపుణులు శోధించి, ఎంత భారము తగునో తేల్చి, ఆ నివేదికను తెలుగున ప్రకటింపవలెను. పౌరుల ధనముతో జరుగు పనిని పౌరులు చదివి తెలిసికొనుట వారి హక్కు.

మేము కోరునది స్వల్పము. హేవలాకు వంతెన రెండుదరులకును చేరునట్లు నడకదారియు సైకిలుదారియు వేరువేరుగ నమర్పబడవలెను. ఆ దారికి రుసుము విధింపరాదు. రోడ్డు రైలు వంతెనపై మోటారులకు మితభారమును నియమించి, ఆ నియమమును గట్టిగ నమలుపరచి, అతుకులను ఏటేట పరీక్షింపవలెను. 2027లో పుష్కరములు రానున్నవి. పండ్రెండు దినముల యలంకారమునకై తొందరపడి, పండ్రెండేండ్ల యవసరమును విస్మరింపకుడు.

రాజమహేంద్రవర పౌరులారా, కొవ్వూరు పౌరులారా! ఈ వంతెనలు మీవి. శంకుస్థాపననాటి కరతాళములతో మీ పని తీరలేదు. ఉత్సవమున కెంత కేటాయించిరి, దారికెంత కేటాయించిరి యని నేడే యడుగుడు. జవాబు వచ్చువరకు అడుగుచునే యుండుడు.